యజమాని వాటా

జనగామనుండి హైదరాబాదునకు పోవు బాట ప్రక్క బియ్యపు మిల్లు నడుపుకొనుచున్న పెద్దమనిషి యొకరు మొన్న మమ్మొక ప్రశ్న అడిగిరి. "మా మిల్లులో బస్తా మోయువానికి జ్వరము వచ్చినచో, దానికై నేనేల ప్రతినెల సర్కారునకు పైకము కట్టవలెను సార్?" అని. ఆయన కఠినచిత్తుడు కాడు. హమాలీలలో ఎవరి యింట పెండ్లియైనను చావైనను బియ్యము పంపించును. బీహారునుండి వచ్చిన కుర్రవాడొకడు ఎండదెబ్బ తగిలి పడిపోయిననాడు తన కారులోనే వానిని వరంగల్లు ఆసుపత్రికి చేర్చినాడు. కావుననే ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పుటకు మాకు నోరాడలేదు. పిసినారి యడిగిన ప్రశ్నకు సమాధానము సులభము. దయగలవాడు అడిగినదానికి అట్లు కాదు.

ఆ ప్రశ్న ఇప్పుడు పుట్టుటకు కారణము కలదు. 1948లో చేసిన ఉద్యోగుల రాజ్య బీమా చట్టము, మనవారందరు ఈఎస్ఐ అని పిలుచునది, దేశమంతట ఒక్కసారి అమలునకు రాలేదు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో మొదలై, ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములకు మాత్రమే మెల్లమెల్లగా వ్యాపించుచు వచ్చినది. పెద్ద కర్మాగారములున్న నగరములకు ముందు పోయినది. చిన్న పట్టణములు వెనుకబడినవి. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా చీలి, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లా కేంద్రములైనవి. కలెక్టరు కచేరీలు వచ్చినవి, వీధులు వెడల్పైనవి, దుకాణములకు గాజు తలుపులు వచ్చినవి. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడు అమలునకు వచ్చుటతో, ప్రకటిత ప్రాంతమను ఎల్ల కూడ తొలగినది. పదిమంది పనివారున్నచో ఊరేదైనను ఇక బీమా తప్పదు. అంతకుముందే, 2025 జూలై 1 మొదలు, వెనుకటి బకాయిలు అడుగము, వెనుకటి లెక్కలు తిరగవేయము, వచ్చి పేర్లు వ్రాయించుకొనుడని ఈఎస్ఐ కార్పొరేషను యజమానులను పిలిచినది. ఆ పిలుపు విన్న వ్యాపారులు కొందరు సంతోషించిరి, కొందరు విసుగుకొనిరి, పెక్కుమంది తమ ఆడిటరు ఏమనునో అని ఊరకుండిరి.

ముందు లెక్క చూడుడు. నెలకు 12,000 రూపాయల జీతముగల పనివాని విషయమున యజమాని కట్టవలసినది నూటికి 3.25 చొప్పున 390 రూపాయలు; పనివాని జీతమునుండి పోవునది నూటికి 0.75 చొప్పున 90 రూపాయలు. ఇది 2019 జూలై 1న తగ్గించిన రేటు. అంతకు పూర్వము యజమాని 4.75, పనివాడు 1.75 కట్టెడివారు. దినమునకు 176 రూపాయలకు మించని కూలిగలవాడు తన వాటా కట్టనక్కరలేదు, యజమాని మాత్రము కట్టవలెను. ఇందుకు బదులుగా వచ్చునది ఏమనగా, పనివానికిని వాని కుటుంబమునకును వైద్యము; రోగియై పని మానిన దినములకు, ఏడాదిలో 91 దినములవరకు, కూలిలో నూటికి 70 వంతులు; పనిలో గాయపడినచో కోలుకొనువరకు 90 వంతులు; స్త్రీకి ప్రసవకాలమున 26 వారముల పూర్తి జీతము; పనిలో ప్రాణము పోయినచో భార్యాబిడ్డలకు పింఛను. పదిమంది పనివారుగల మిల్లునకు యజమాని వాటా నెలకు 3,900 రూపాయలు. ఇది పెద్ద మొత్తమని మేమనము. ఏమియు కాదనియు అనము. ధరలు పడిపోయిన యేడు, మరపట్టిన బియ్యమునకు సర్కారునుండి పైకము ఆలస్యమైన యేడు, చిన్న మిల్లునకు ప్రతి వేయి రూపాయలును లెక్కయే.

"ఆరోగ్యశ్రీ యున్నదిగదా" అనునది మిల్లు యజమాని రెండవ మాట. ఇదియు తోసివేయదగినది కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలైన ఆ పథకము ఎందరి ప్రాణములనో నిలిపినది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచినది. సర్కారు తన ఖజానానుండి ఇచ్చుచుండగా నేను మరల కట్టుటయేల అని ఆయన తర్కము. కాని కూలివాని యింట రోగము రెండు వాకిళ్ళనుండి వచ్చును. ఒకటి వైద్యుని బిల్లు, రెండవది వెలుగని పొయ్యి. ఆరోగ్యశ్రీ మొదటి వాకిలి మూయును, అదియును శస్త్రచికిత్సవంటి పెద్ద వైద్యము వచ్చినప్పుడు. టైఫాయిడు వచ్చి పదునైదు దినములు మంచము పట్టినవానికి, 40 కిలోల వడ్ల బస్తాలు మోసి మోసి నడుము పట్టుకొనిపోయినవానికి, పెద్ద నష్టము ఆసుపత్రిలో లేదు. ఆ పదునైదు దినముల కూలిలో ఉన్నది. ఆ కూలిని ఆరోగ్యశ్రీ ఇయ్యదు. ఇచ్చుటకు పుట్టినది ఈఎస్ఐ.

మరి ఇప్పటివరకు ఆ పదునైదు దినములు ఎట్లు గడచుచున్నవి? ఇచ్చట మేము కొంచెము నిలువవలసియున్నది. ఏలననగా మిల్లు యజమాని మంచితనమంతయు ఇచ్చటనే యున్నది, మా సంశయమంతయు ఇచ్చటనే యున్నది. ఆయన మాకు తన ఖాతా పుస్తకము చూపిరి, గర్వముతోనే చూపిరి. ఒక హమాలి పేరు క్రింద, కొడుకునకు కామెర్లు వచ్చినప్పుడు 8,000 రూపాయలు. మరియొకని పేరు క్రింద, భార్య కాన్పునకు 15,000. వడ్డీ లేదు. "అడుగగానే ఇచ్చితిని, ఏ బ్యాంకిచ్చును?" అని ఆయన అనిరి. నిజమే, ఏ బ్యాంకును ఇయ్యదు. కాని ఆ రెండు పద్దులకును ప్రక్కన అడ్వాన్సు అని వ్రాసియున్నది. ప్రతివారము కూలిలో కొంత కోతపడుచున్నది. 15,000 పుచ్చుకొన్నవాడు రెండేండ్లుగా ఆ మిల్లు విడిచి పోలేదు. ఎక్కువ కూలి ఇచ్చెదమని ప్రక్క మిల్లువారు పిలిచినను పోలేదు. "నమ్మకస్తుడు" అని యజమాని వానిని మెచ్చుకొనిరి. వాడు నమ్మకముచేత నిలిచెనో, బాకీచేత నిలిచెనో యజమానికి తెలియదు. వానికైనను తెలియునో లేదో.

ఇది జనగామ నేల. విసునూరు దేశముఖు గడీ ఇచ్చటనే యుండెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలపు పంట తన యింటికే చేర్చుకొనుటకు ఎదురు నిలిచినది ఇచ్చటనే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు ఒరిగినది ఇచ్చటనే. ఆ కాలపు దొరలు వెట్టి చేయించుకొనుట అందరెరిగినదే. కాని వెట్టి కొరడాతో మాత్రమే నిలువలేదు. ఆపదలో ఇచ్చిన అప్పుతోను నిలిచినది. తండ్రి తీసికొన్న పుట్టెడు వడ్లకు కొడుకు జీతముండుట, పెండ్లికి తెచ్చిన పైకమునకు ఏండ్లకేండ్లు చాకిరి చేయుట ఈ ప్రాంతమున భాగేలా అని, జీతమని ప్రసిద్ధములు. 1976లో వెట్టిచాకిరి రద్దుచట్టము చేసినప్పుడు, దేశమున వాడుకలోనున్న ఇట్టి ఆచారముల పేర్లు వరుసగా వ్రాసిరి. ఆ వరుసలో భాగేలా, జీత, వెట్టి అను మూడు మాటలును ఉన్నవి. మా మిత్రుడు దేశముఖు కాడు. ఆ మాట మేమనినచో అది ఘోరమైన అన్యాయము. ఆయన కొరడా పట్టలేదు, వడ్డీ పుచ్చుకొనలేదు. అయినను ఆపద వచ్చినప్పుడు పనివాడు పోగల చోటు ఒక్క యజమాని గడప మాత్రమే అయినచో, యజమాని యెంత మంచివాడైనను ఆ పనివాడు స్వతంత్రుడు కాడు. మంచి యజమాని దొరికినాడనుట వాని అదృష్టము. అదృష్టముమీద బ్రతుకుమని మన బిడ్డలకు చెప్పుదుమా?

ఈఎస్ఐ వాటాకును అడ్వాన్సునకును భేదమిది. అడ్వాన్సు పుచ్చుకొన్నవాడు తల వంచును. ఈఎస్ఐ కార్డు చూపువాడు తల వంచనక్కరలేదు, వానినుండి ఎవరును కృతజ్ఞత ఆశింపరు. యజమానికిని ఇందువలన కొంత విడుదల కలదని మా తలంపు. ఎవరికిచ్చినాను, ఎవరికీయలేదు, ఎవడు నటించుచున్నాడు, ఎవడు నిజముగా రోగియై యున్నాడు అను తీర్పులు చెప్పుకొను భారము ఆయనకు తప్పును. మిల్లు నడుపువానికి ధర్మకర్త పనికూడ ఏల?

యజమాని ఏల కట్టవలెనను మూలప్రశ్న ఇంకను మిగిలియున్నది. ఇది మనదేశమున పుట్టినది కాదు. జర్మనీలో బిస్మార్కు 1883లో రోగబీమా చట్టము చేసినప్పుడు పనివాడు రెండుపాళ్ళు, యజమాని ఒకపాలు కట్టవలెనని యేర్పరచెను. 1911లో బ్రిటనులో లాయిడ్ జార్జి చేసిన చట్టమున వారమునకు పనివాడు నాలుగు పెన్నీలు, యజమాని మూడు, ప్రభుత్వము రెండు. మనదేశమునకు పథకము వ్రాసిన ఆదార్కరు 1944లో తన నివేదిక నిచ్చెను. అన్నిచోట్లను యజమానులు ఒక్క ప్రశ్ననే అడిగిరి. పాళ్ళు మారినవి గాని యజమాని పాలు ఎక్కడను సున్న కాలేదు. కారణము కష్టమైనది కాదు. పనివాడు అమ్మునది తన దినమును మాత్రమే కాదు. ఆ దినముతో కొంత శరీరమును కూడ అమ్ముచున్నాడు. ఊకదుమ్ము వాని ఊపిరితిత్తులలోనికి పోవును, బస్తా వాని వెన్నెముకమీద నిలుచును. యజమాని కొనినది పని యొక్కటే ననుకొనినను, ఆ అరుగుదల కూడ ఆయన సరుకులోనే చేరి అమ్ముడుపోవుచున్నది. దాని వెల ఎవరో ఒకరు చెల్లింపవలెను. చట్టము రాకముందు దానిని పనివాని భార్య చెల్లించెడిది, తన పుస్తె తాకట్టు పెట్టి.

మిల్లులోని వడ్లకు అగ్నిబీమా కలదు. లారీకి బీమా లేనిదే రోడ్డెక్కదు. ఈ రెంటికిని ఏల కట్టవలెనని ఆయన మమ్మెన్నడును అడుగలేదు. మనిషిని లారీతో పోల్చుట మాకిష్టము లేదు గాని, లారీకన్న మనిషి చివరివాడగుట అంతకన్న ఇష్టము లేదు.

స్వలాభము మాట చెప్పినగాని వినని యజమానులకు ఒక లెక్క. ఈఎస్ఐలో చేరని మిల్లులో ముప్పదియేండ్ల పనివాడు యంత్రపు బెల్టులో పడి మరణించినాడనుకొందము. 1923 నాటి నష్టపరిహారచట్టము ఏర్పరచిన లెక్క ప్రకారము, నెలజీతము 15,000 అయినచో అందులో సగము, అనగా 7,500, ఆ వయస్సునకు నిర్ణయించిన 207.98తో హెచ్చింపవలెను. 15,59,850 రూపాయలు యజమాని తన చేతినుండి ఇయ్యవలెను. ఈఎస్ఐలో చేరినవాని తరఫున ఆ భారము కార్పొరేషను వహించును. మహబూబాబాదులో, ఇప్పటికిని పెద్దలు మానుకోట అనుచున్న ఊరిలో, గ్రానైటు రాయి నునుపుచేయు చిన్న కర్మాగారపు యజమాని యొకరు ఈ లెక్క విని చేరినవారే. ఒక పనివాని రెండు వ్రేళ్ళు నలిగిననాడు ఆ లెక్క ఆయనకు అర్థమైనది. అయినను ఆయన కంప్యూటరు పోర్టలును తిట్టుట మానలేదు. ప్రతినెల 15వ తేదీలోపల గత నెల వాటా కట్టవలెను, తప్పినచో నూటికి 12 వడ్డీ. దానికై గుమాస్తా యొకడు. ఆ తిట్లలో న్యాయము లేకపోలేదు.

ఇక కొందరు యజమానుల ఉపాయము చెప్పక తప్పదు. చట్టము పదిమందికి వర్తించును గనుక పుస్తకములో తొమ్మిదిమందిని వ్రాయుదురు. పదవవాడు మేస్త్రీ మనిషి, పదునొకండవవాడు గుత్తేదారు మనిషి, పండ్రెండవవాడు చుట్టపుచూపుగా వచ్చినవాడు. గుత్తేదారు ద్వారా వచ్చినవారికిని అసలు యజమానియే బాధ్యుడని చట్టము చెప్పుచునే యున్నది. మరికొందరు ఇంకను నేర్పరులు, తమ 3.25ను కూడ పనివాని కూలినుండియే కోయుదురు, లేదా ఆ యేడు పెంచవలసిన కూలి పెంచరు. మొదటిదానిని చట్టము స్పష్టముగా నిషేధించినది. రెండవదానిని ఏ చట్టము పట్టగలదు? కూలివానినుండి కోసిన వాటానుగూర్చి 1948 చట్టమున ఒక మాట మాకెంతయో నచ్చినది. ఆ సొమ్ము పనివాడు యజమానికి నమ్మి అప్పగించినదిగా ఎంచవలెనని అందు వ్రాసిరి. కోసి కట్టనివాడు అప్పు ఎగవేసినవాడు కాడు, దాచుమని ఇచ్చిన సొమ్ము తిన్నవాడు. మన పల్లెలలో అట్టివానిని ఏమందురో పాఠకులెరుగుదురు.

నిజాయితీగా కట్టుచున్న యజమానికి ఇందువలన కలుగు నష్టమును మేము గుర్తింపకపోలేదు. ప్రక్క మిల్లువాడు కట్టడు. క్వింటాలునకు అంత తక్కువకు మరపట్టును. ఇది మినహాయింపు అడుగుటకు కారణము కాదు. అందరిచేతను కట్టింపుమని అడుగుటకు కారణము.

కట్టిన పైకమునకు తగిన వైద్యమేదియను ఆక్షేపణయే మాకు అన్నిటికన్న బరువుగా తోచినది. ఈ ప్రాంతమున పెద్ద ఈఎస్ఐ ఆసుపత్రి వరంగల్లులో ఉన్నది. భూపాలపల్లికి అది 60 కిలోమీటర్లకు పైబడిన దూరము. జ్వరముతోనున్నవాడు బస్సెక్కి పోయి వచ్చుటకు దినము పోవును, ఆ దినపు కూలి పోవును. పది కిలోమీటర్లలోపల ఈఎస్ఐ వైద్యశాల లేనిచోట, ఒప్పందములోనున్న ప్రైవేటు ఆసుపత్రికి నేరుగా పోవచ్చునని 2021లో ప్రకటించిరి. ఆ సంగతి ఎందరు పనివారికి తెలియును? మరియు 2019లో, తెలంగాణ ఈఎస్ఐ వైద్యశాఖలో మందుల కొనుగోళ్ళ విషయమున అవినీతి నిరోధకశాఖ పై యధికారులనే అరెస్టు చేసినప్పుడు, కట్టుచున్న యజమానులకును పనివారికిని కలిగిన రోత ఇంకను మాసిపోలేదు. మేమీ సంగతులు మరుగుపరచి యజమానికి నీతిబోధ చేయజాలము.

కాని ఆసుపత్రి దూరముగా నున్నదని వాటా మానుకొన్నవానికి ఆసుపత్రి దగ్గరకు రావలెనని అడుగు నోరుండదు. ఈఎస్ఐ కార్పొరేషను సభలో యజమానుల తరఫున పదిమంది, పనివారి తరఫున పదిమంది కూర్చుందురు. ఈ మూడు పట్టణముల వర్తకసంఘములు రేటు తగ్గింపుమని విన్నపము వ్రాయుట సహజము. మాకొక డిస్పెన్సరీ కావలెనని, మంచి మందులు కావలెనని, పనివారి సంఘముతో కలిసి ఒక్క కాగితముపై సంతకము పెట్టిన దినము వారి మాటకు మరియొక బరువుండును.

చట్టమునందును లోపములు కలవు. బొగ్గుగనులను 1948 చట్టము కర్మాగారముల లెక్కలో చేర్చలేదు. భూపాలపల్లిలో సింగరేణి కంపెనీకి తన ఆసుపత్రియే యున్నది. కాని అదే పట్టణమున హోటళ్ళలో, లాడ్జీలలో, చెల్పూరు విద్యుత్కేంద్రపు గుత్తేదారుల క్రింద పనిచేయువారికి రోజులు కొరత. ఆరునెలల గడువులో 78 దినముల వాటా పడినగాని రోగపు కూలి రాదు. రెండునెలలకొక గుత్తేదారు మారి, నడుమ నెలలకొలది ఖాళీగా కూర్చుండువాడు కట్టియు పొందలేడు. పత్తి జిన్నింగు మిల్లులను కాలానుగుణ కర్మాగారములని చట్టము మినహాయించినది. దూది ధూళి పీల్చు ఆడుకూలీకి ఈ మినహాయింపు వినిపించి కారణమడుగుడు, మేమైతే చెప్పలేము.

పదిమందికి తక్కువైనచో చేరుట యజమాని యిష్టము. ఈ ముక్క చదువుచున్నప్పుడు మిల్లును, గ్రానైటును మరచి మేము మా యింటివంక చూచుకొంటిమి. మన పాఠకులలో మిల్లులున్నవారు కొలదిమంది. పనిమనిషి లేనివారు అంతకన్న కొలదిమంది. మనమందరమును ఒకరో యిద్దరో పనివారుగల యజమానులమే. మనమీద ఏ చట్టమును ఈ వాటా వేయలేదు. అంట్లుతోము అమ్మకు జ్వరము వచ్చినప్పుడు చీర పెట్టుదుము, మాత్ర లిత్తుము, అడిగినచో వేయి రూపాయలు అడ్వాన్సును ఇత్తుము. మిల్లు యజమాని చేయుచున్నదంతయు మనమును చేయుచున్నాము, ఆయనకన్న చిన్న ఎత్తున.

జనగామనుండి వచ్చిన సాయంకాలము మా వంటయింటి గోడమీది కాలెండరు కంటబడినది. ఆ నెలలో మా పనిమనిషి లక్షణముగా ఐదు దినములు రాలేదు. డెంగీ అని తరువాత తెలిసినది. ఆ ఐదు తేదీలచుట్టును పెన్సిలుతో సున్నలు చుట్టియున్నవి. ఎవరు చుట్టినారని ఇంటిలో అడిగితిమి. "మీరేగదా, లెక్కకని" అని సమాధానము వచ్చినది.